అవ్వ వద్దన్న చెట్లు

పై వాటాలోకి కొత్తగా వచ్చిన అమ్మాయి మొన్న పొద్దున నన్ను మెట్ల దగ్గర పట్టుకుంది. చేతిలో ఎండి పుల్లలైపోయిన గులాబీ కుండీ ఉంది. "ఆంటీ, మొక్కలు పెట్టుడు నాకు ఇదే ఫస్ట్ టైం. నాలుగు తెస్తే నాలుగు సచ్చిపోయినయి. మీరైతే ఈ ఎండలు చూసినోళ్లు. ఏం పెట్టుకోవాలె చెప్పండి" అంది.

మెట్ల మీద నిలబడి కబుర్లు చెప్పే మోకాళ్లు కావు నావి. అయినా అడిగింది కదా అని, పుంటికూర, అదే గోంగూర, చల్లుకో, బచ్చలి తీగ పెట్టుకో, గోకరకాయ, అదే గోరుచిక్కుడు, ఎంత ఎండనైనా ఓర్చుకుంటుంది, నీళ్లు పొద్దు గుంకినాక పొయ్యి అని గబగబా చెప్పేశాను. ఆ పిల్ల అంతటితో వదలలేదు. "ఇవన్నీ మూడు నెలల్ల అయిపోతయి గద ఆంటీ. ఉండేటివి చెప్పండి. చెట్లు" అంది.

"చెట్ల సంగతి నన్నడగకు బిడ్డా" అన్నాను. ఎందుకో మాట కటువుగా వచ్చింది. ఆ పిల్ల ముఖం చిన్నబోయింది, పైకి వెళ్లిపోయింది. నేను లోపలికొచ్చి ఫ్యాను కింద నడుం వాల్చాను. ఈ మధ్య ఏం చేసినా అలసటే, ఏం చేయకపోయినా అలసటే. కళ్లు మూసుకుంటే నిద్ర రాలేదు గాని మా కోటరు దొడ్డి వచ్చింది.

దాన్ని ఇల్లు అనలేను. బొగ్గుబాయిలో పనిచేసేవాళ్లకు కంపెనీ ఇచ్చిన కోటరు. రెండు అర్రలు, వెనక జానెడు దొడ్డి. మా అసలు ఊరు గోదావరికి అవతల, కరీంనగర్ జిల్లాలో ఉండేది. అక్కడ మాకు వాన మీద పండే కొద్దిపాటి చెలక ఉంది. రెండేళ్లు వరసగా వానలు ఎగబెట్టాక బాపు, అంటే నాన్న, గోదావరి దాటి వచ్చి బొగ్గుబాయిలో చేరాడు. కిందికి దిగి టబ్బుల్లోకి బొగ్గు ఎత్తిపోయడం ఆయన పని. కోటరు దొరకగానే అవ్వనూ, అంటే అమ్మనూ, నన్నూ తీసుకుపోవడానికి వచ్చాడు. అవ్వ ఓ పట్టాన కదలలేదు. గడప మీద కూర్చుని ముందు మాట తీసుకుంది.

"ఎన్నొద్దులు ఉండాలె గాడ?"

"రెండు ఎండకాలాలే. గప్పటికి వానలు వడ్తయి. మల్లచ్చి మన చెలక మనం దున్నుకుందాం."

"రెండంటే రెండే. మూడో ఎండకాలం గాడ నిమిషం ఉండ. ఇప్పుడే చెప్తున్న."

బాపు తలూపాడు. అప్పుడు నాకు ఎనిమిదో తొమ్మిదో ఏళ్లు. రైల్లో గోదావరి బ్రిడ్జి మీద అవ్వ కొంగుకు కట్టుకున్న పసుపు, కుంకుమ నీళ్లలో వేసి దండం పెట్టుకుంది. నేను మాత్రం కిటికీ ఊచలకు ముఖం ఆనించి ఎప్పుడెప్పుడు ఆ కొత్త ఊరు వస్తుందా అని చూశాను.

మేం దిగింది మోదుగులు పూసే రోజుల్లో. నెల తిరగకుండానే ఎండలు ముదిరాయి. కోటరు దొడ్డి మట్టి కాదు. బొగ్గుతో పాటు పైకొచ్చిన నల్లరాతి పెళ్లలు పోసి చదును చేసిన నేల అది. గడ్డపార వేస్తే ఖణేల్మని మోగేది. మధ్యాహ్నం ఉత్త కాళ్లతో నల్లా దాకా పోతే అరికాళ్లు బొబ్బలెక్కేవి. సాయంత్రమైతే ప్రతి ఇంటి ముందూ పచ్చి బొగ్గు కుప్ప పోసి కాల్చేవాళ్లు. పొగంతా పోయాక మిగిలింది సిగ్రీలోకి, అంటే బొగ్గుల పొయ్యిలోకి, పనికొస్తుంది. ఆ పొగ బట్టల్లో, అన్నంలో, తలవెంట్రుకల్లో చేరేది. ఇప్పుడు ఎక్కడైనా ఆ వాసన తగిలితే నాకు ముందు ఆకలేస్తుంది, తర్వాత దిగులేస్తుంది.

అవ్వకు చెలక తెలుసు. వాన పడితే విత్తడం తెలుసు. కానీ ఇలాంటి నేలలో, రోజుకు రెండు గంటలు వచ్చే నల్లా నీళ్లతో దొడ్డి పెంచడం ఆమెకూ కొత్తే. ఊరి నుంచి మూట కట్టి తెచ్చిన బీర గింజలు గోడ పొడవునా పెట్టింది. మొలకలు వచ్చాయి. ఊళ్లో పిడకల బూడిద చల్లితే పురుగు పట్టదు, తీగ బలంగా వస్తుంది. అందుకని ఇక్కడా రోజూ పొద్దున్నే సిగ్రీ దులిపి ఆ బూడిదంతా మొలకల మొదట్లో పోసింది. వారం తిరగకుండా ఆకులు పసుపుపచ్చ తిరిగి అంచులు మాడిపోయాయి. ఆమె ఇంకాస్త బూడిద పోసింది. తర్వాత మొలకలు లేవు, బూడిద మాత్రం గట్టిగా పెచ్చు కట్టింది.

పక్క కోటర్లో ఒకామె ఉండేది. వార్ధా అవతల నుంచి వచ్చిన మరాఠీ మనిషి. కోటర్ల పిల్లలమూ పెద్దలూ అందరం ఆమెను మౌసీ అనేవాళ్లం. ఆమె దొడ్డి ఒక్కటే ఆ వరసలో పచ్చగా ఉండేది. గోడ మీంచి తొంగి చూసి నుదురు కొట్టుకుంది.

"అగ బాయీ! ఏం జేసినవ్? గిది బొగ్గు రాఖ్. పెండ పిడుకల రాఖ్ గాదు. గిది పోస్తే నేల సిమిటు అయితది."

"బూడిదంటే బూడిదే అనుకున్న మౌసీ" అంది అవ్వ. ఆమె కళ్లలో నీళ్లు చూడటం నాకు అదే మొదలు. పొలం మనిషికి, బూడిద సంగతి తెలియదని ఇంకొకరితో చెప్పించుకోవడం ఎంత నామోషీయో అప్పుడు నాకు అర్థం కాలేదు.

ఆ రోజు నుంచి మౌసీయే గురువు. బాపు సెలవు రోజున కావడి వేసుకుని వాగు ఒడ్డు నుంచి ఎర్రమట్టి మోసుకొచ్చాడు. పెళ్లలు ఏరి, గుంతలు తీసి, ఆ మట్టి నింపాం. బాపు డ్యూటీ దిగి వచ్చి స్నానం చేసే బండ పక్కనే మొదటి పాదు. ఆయన ఒంటి నుంచి కారే నల్లటి నీళ్లు దాని పక్క నుంచి పారి మిగతా పాదుల్లోకి పోయేట్టు అవ్వ చిన్న కాలువ తీసింది. మొదళ్ల చుట్టూ మోదుగాకులు పరిచి పైన చిన్న రాళ్లు పెట్టేవాళ్లం, తడి ఆరకుండా.

"అన్నిటికన్న ముందు ఒక్క చెట్టు పెట్టు బాయీ" అని మౌసీ చెప్పింది. "పడమట దిక్కు పెట్టు. దాని నీడల మొక్కలు బతుకుతయి. గీ ఎండకు నీడ లేనిది ఏదీ ఆగది."

"చెట్టు వద్దు మౌసీ."

"ఎందుకు వద్దు?"

"మేం ఉండెటోళ్లం గాదు."

మౌసీ తలూపి తన పాదుల వైపు వెళ్లిపోయింది. ఆమె కూడా ఎన్నడో ఆ మాటే అని ఉంటుందని ఇప్పుడనిపిస్తుంది.

అవ్వ మొక్కలు ఎంచుకునే పద్ధతి చాలా తేలిక. మూడు నెలల్లో, మహా అయితే ఆరు నెలల్లో కాసి ఎండిపోయేదే మా దొడ్డిలోకి రావాలి. పుంటికూర, తోటకూర, గోకరకాయ, బీర, సోర, బతుకమ్మ కోసం బంతి, పట్టుకుచ్చు. అంతే. మల్లె వద్దు, అది మూడో ఏడుకు గాని గుబురు కట్టదు. నిమ్మ వద్దు. కరివేపాకును మేం కల్యామాకు అంటాం, చివరికి ఆ మొక్క కూడా వద్దు. పచ్చిపులుసు చేసినప్పుడల్లా నన్ను మౌసీ దొడ్డికి తరిమేది. నేను పోయి రెండు రెబ్బలు తుంచుకుని, మౌసీ చేతిలోంచి జొన్నరొట్టె ముక్క, మిరపకాయ నూరిన కారం తినేసి, పెదాలు మండుతుండగా తిరిగొచ్చేదాన్ని.

వానాకాలం వచ్చేసరికి మా దొడ్డి పందిరి మీద సోరతీగ పాకింది. పిందెకు వేలు చూపిస్తే కుళ్లిపోతుందని అవ్వ నమ్మకం. లెక్కపెట్టాలన్నా పిడికిలి ముడిచి చూపించాలి. అవ్వ నన్ను కొట్టిన రోజున నేను పందిరి కిందికి పోయి, అన్నిటికన్నా నున్నటి పిందెకు చూపుడువేలు పెట్టి, వంద దాకా లెక్కపెట్టాను. నాలుగో రోజు అది నల్లబడి రాలిపోయింది. వారం పాటు ఆ వేలును గౌను మడతల్లో దాచుకుని తిరిగాను.

ఇంతలో నన్ను బడిలో వేశారు. మా ఊళ్లో ఆడపిల్లలకు బడి లేదు. ఇక్కడ కోటర్ల చివర రేకుల షెడ్డులో బడి, ఒక పంతులమ్మ. పలక మీద నా పేరు మొదటిసారి నేనే రాసుకున్న రోజు ఇంటికి పరుగెత్తుకొచ్చి బొగ్గు ముక్కతో గోడ నిండా రాశాను. అవ్వ తిట్టుకుంటూ కడిగింది. బాపు మాత్రం ఒక చోట నా పేరును కడగనివ్వలేదు. ఆ తర్వాత నాకొక భయం పట్టుకుంది. రెండో ఎండాకాలం అయిపోతే మేం వెళ్లిపోతాం. ఊరికి పోతే బడి ఉండదు. ఆ మాట అవ్వతో అనే ధైర్యం నాకు లేదు.

దసరాకు బాపు ఊరికి బయలుదేరాడు. అవ్వ రానంది.

"పోతే ముల్లెమూట కట్టుకోని పోత. సుట్టపుసూపుకు పోను నా ఇంటికి" అంది.

నేనూ బాపూ పోయాం. ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. చెలకంతా చిన్నాయన, అంటే బాపు తమ్ముడు, జొన్న వేశాడు. నా తల మునిగేంత ఎత్తు. గట్టు మీద ఇద్దరూ కూర్చుని చుట్టలు తాగుతుంటే నేను పక్కన కంకులు ఒలుచుకుంటున్నాను.

"వచ్చే మిర్గం వరకు వస్తవా అన్నా? సగం నీకు ఇడిసిపెడ్త" అని చిన్నాయన అడిగాడు. మిర్గమంటే మా వైపు తొలివాన రోజులు.

బాపు చుట్ట నుసి రాల్చాడు. "నేను రాను తమ్మీ. మొత్తం నువ్వే దున్నుకో."

"గదేందే! వదినె ఊకుంటదా?"

"వానకోసం మొగులు దిక్కు సూసుడు బందువెట్టిన్రా. బాయిల దిగితె వాన వడ్డా వడకున్నా పని ఉంటది. మల్ల గా ఫికర్ నాతోని గాదు." తర్వాత నా వైపు చూశాడు. "గీ పోరి సదువుతుంది. ఈడికి తెస్తె మేకల ఎనుక తిరుగుతది."

నా చేతిలో కంకి ఆగిపోయింది. ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. ఆ రాత్రి నాయనమ్మ వడ్డించిన సర్వపిండి రెండోది కూడా తినేశాను.

తిరుగు ప్రయాణంలో మంచిర్యాల స్టేషన్ బయట బాపు ఒక జామ మొక్క కొన్నాడు. వేళ్ల దగ్గర మట్టిముద్ద, దాని చుట్టూ గడ్డి చుట్టి ఉంది. దాన్ని పసిబిడ్డను పట్టుకున్నట్టు రెండు చేతుల్తో పట్టుకుని నాతో అన్నాడు, "గా మాట అవ్వకు నేనే జెప్త. నువ్వు జెప్పకు బిడ్డా. జర సమయం సూసి జెప్త." సరేనన్నాను. నాకూ అదే కావాలి.

అవ్వ ముందు మొక్కను పట్టించుకోలేదు. మా ఊరి వానల గురించి, జొన్న గురించి ఒక్కొక్కటే అడిగి చెప్పించుకుంది. ముఖం వెలిగిపోయింది. ఆ తర్వాత మొక్కను కాలితో పక్కకు జరిపింది.

"గిదెందుకు?"

"దొడ్లె పెడ్దామని."

"దీని కాయలు ఎవలు తింటరు? మనం వోయినంక వచ్చెటోళ్లా?"

బాపు చెప్పాల్సిన సమయం అదే. ఆయన చెంబు తీసుకుని ముఖం కడుక్కోవడానికి వెళ్లాడు. అవ్వ గోడ మీంచి మౌసీని పిలిచి మొక్కను ఆమె చేతిలో పెట్టేసింది.

ఆ తర్వాత చాలా సమయాలు వచ్చాయి. సంక్రాంతి పోయింది, శివరాత్రి పోయింది, మళ్లీ మోదుగులు పూశాయి. బాపు చెప్పలేదు. నేనూ చెప్పలేదు. బొగ్గుబాయిలో పైకప్పు కూలుతుందంటే భయపడని మనిషి, ఇంట్లో అవ్వ ముందు నోరు విప్పలేకపోయాడు. నేను ఆయన్ని తప్పు పట్టలేను. నేను రోజూ ఆమె చేత తల దువ్వించుకుని, ఆమె కట్టిచ్చిన రొట్టె తిని బడికి పోతూ, ఆ మాట కడుపులో దాచుకున్నాను.

రెండో ఎండాకాలం రోహిణి కార్తెలో కోటర్ల ఆడవాళ్లంతా పాదులు తవ్వుకుంటున్నారు. మా దొడ్డి మాత్రం ఖాళీ. అవ్వ ఎండిన తీగలు పీకి, గింజలు తీసి, గుడ్డ ముక్కల్లో విడివిడిగా మూట కట్టింది. పందిరి కర్రలు మౌసీకి ఇచ్చేసింది. పొదిగే కోడిపెట్టను ఇచ్చేసింది. ఇచ్చేస్తూ ఏదో కూనిరాగం తీస్తోంది. ఆ ఇంట్లో ఆమె పాడగా నేను అంతకు ముందు వినలేదు.

"సోమారం పొద్దుగాల బండి మాట్లాడు" అని బాపుతో చెప్పింది, స్టేషన్ దాకా సామాను చేరేయడానికి. ఆయన "చూద్దాం తీ" అని టోపీ పెట్టుకుని డ్యూటీకి పోయాడు.

అవ్వ అటక మీద నుంచి ఇత్తడి బిందె దించి చింతపండు వేసి తోముతోంది. "మనింట్ల గీ బిందె నాగుర్రల మూలకు పెడ్త బిడ్డా. చిన్నాయన పెండ్లాం నా జాగల ఏం పెట్టిందో ఏమో" అంది నవ్వుతూ. నాగుర్ర అంటే వంటిల్లు. ఆ నవ్వు చూసి ఇక నావల్ల కాలేదు.

"మనం పోమవ్వా" అన్నాను.

"ఏందే?"

"బాపు చెలక చిన్నాయనకు ఇచ్చేసిండు. రాను అన్నడు. నేను ఇన్న."

ఆమె చెయ్యి బిందె మీద ఆగింది. "ఎప్పుడు?"

"దసరాకు."

దసరా నుంచి ఎన్ని నెలలో ఆమె వేళ్ల మీద లెక్కపెట్టుకోవడం చూశాను. అరుస్తుందనుకున్నాను, కొడుతుందనుకున్నాను. అవేమీ చేయలేదు. బిందె కడిగి, బోర్లించి, చేతులు తుడుచుకుని "నడువు" అంది. ఆ రోజు అంగడి, వారం సంత. ఎండలో ఇద్దరం నడిచాం. అంగడి చివర ఒక ముసలాయన డబ్బాల్లో మొక్కలు పెట్టుకుని కూర్చున్నాడు.

"ఏం చెట్టు గావాలె చెల్లె?"

"ఎండకు సావనిది ఇయ్యి. ఏదైతేంది."

"వేప తీస్కో. సీతాఫలం తీస్కో. నీళ్లు లేకున్నా మొండిగుంటయి. కాకపోతే కాపుకు ఏండ్లు వడ్తది."

"పట్టనియ్యి" అంది అవ్వ.

ఇంటికొచ్చి పడమటి వైపు తవ్వడం మొదలుపెట్టింది. నేల రాయిలా ఉంది. నాలుగు పోట్లకే చేతులు బొబ్బలెక్కినా ఆపలేదు. బాపు డ్యూటీ దిగి వచ్చాడు, ఒళ్లంతా నలుపు, కళ్లు మాత్రం తెల్లగా. దొడ్డి గుమ్మంలో నిలబడ్డాడు. పక్కన పెట్టిన రెండు మొక్కలు చూశాడు, నన్ను చూశాడు. నేను తల దించుకున్నాను. ఆయన వచ్చి ఆమె చేతిలోంచి గడ్డపార తీసుకున్నాడు. ఆమె వదిలింది.

"లోతు తియ్యి" అంది. "తవ్వుట్ల మొనగానివే గద. నోరే లేదు నీకు."

"తప్పయిందే" అన్నాడు బాపు, తల ఎత్తకుండా.

అవ్వ మొక్కలు దగ్గరికి లాక్కుంది. వేప ఒక గుంతలో, సీతాఫలం ఒక గుంతలో పెట్టి మట్టి కప్పి కాలితో తొక్కింది. నన్ను నీళ్లు పోయమంది. చెంబుతో పోస్తుంటే నా పక్కనే గొంతుక్కూర్చుంది.

ఆ రెండు చెట్లూ బతికాయి. నా చదువూ సాగింది, పంతులమ్మనయ్యాను, పెన్షన్ తింటున్నాను. అవ్వ మళ్లీ ఏనాడూ చెలక మాట ఎత్తలేదు. ఊరికి పెళ్లిళ్లకు, చావులకు పోయి వచ్చేది, చుట్టంలాగే. ఇవన్నీ తర్వాతి సంగతులు. ఇన్నేళ్లలో నన్ను అలసిపోయేట్టు చేసింది మాత్రం ఆ సాయంత్రం నీళ్లు పోస్తుండగా ఆమె అడిగిన ఒక్క మాట.

"నీకు సంబురంగున్నది గదా?"

"లేదవ్వా" అన్నాను.

ఆమె తడి మట్టి చేత్తోనే నా చెంప పట్టుకుని తన వైపు తిప్పుకుంది. కోపం లేదు ఆ ముఖంలో. ఏమీ లేదు.

"అబద్దమాడకు బిడ్డా. గీ ఇంట్ల ఒక్కలన్న సంబురపడాలె."

నిజంగానే నాకు సంతోషంగా ఉంది. తెల్లారితే బడి ఉంది. అయినా ఆ రోజు అవునని అనలేదు, ఆమె బతికి ఉన్నన్నాళ్లూ అనలేకపోయాను.